జేమ్స్ మాన్ పుస్తకాలు: ఏది ముందు చదవాలి, ఏది వదిలేయొచ్చు

అమెరికా అధ్యక్షుల మీద, వాళ్ల విదేశాంగ విధానం మీద ఒక మంచి పుస్తకం చెప్పమంటే ఎక్కువ మంది నోట వచ్చే పేరు బాబ్ వుడ్‌వర్డ్. అందులో తప్పేమీ లేదు. అయితే అధ్యక్షుడు నిక్సన్ పదవికి ఎసరు పెట్టిన వాటర్‌గేట్ గొడవ మొదలైన 1972లో అదే వాషింగ్టన్ పోస్ట్‌లో ఆయనతో పాటు పనిచేసిన ఇంకో రిపోర్టర్ ఉన్నారు. ఆయన పుస్తకాల మాట మన దగ్గర పెద్దగా వినపడదు. ఆయనే జేమ్స్ మాన్. తర్వాత లాస్ ఏంజిలిస్ టైమ్స్‌కి మారి రెండు దశాబ్దాలకు పైగా అక్కడే ఉన్నారు. సుప్రీంకోర్టు వార్తలు రాశారు, 1984 నుంచి 1987 దాకా బీజింగ్ బ్యూరో చూశారు, తిరిగొచ్చాక వాషింగ్టన్‌లో విదేశాంగ వ్యవహారాల మీద రాశారు. పత్రిక ఉద్యోగం వదిలేశాక జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలోని అంతర్జాతీయ అధ్యయనాల స్కూల్లో ఉంటూ పుస్తకాల మీదే కూర్చున్నారు.

1989 నుంచి 2020 వరకు ఆయనవి ఎనిమిది పుస్తకాలు వచ్చాయి. చైనా మీద మూడు, అధ్యక్షుల మీద, వాళ్ల చుట్టూ ఉన్న మనుషుల మీద ఐదు. ఎనిమిదీ చదవాల్సిన పని లేదు. అచ్చయిన వరసలో చదవడం అసలే వద్దు, ఎందుకంటే మొదటిది ఒక జీపు ఫ్యాక్టరీ కథ. అధ్యక్షుల కోసం వచ్చినవాళ్లు అక్కడే నీరసపడిపోతారు. మీరు ఏ ప్రశ్నతో వచ్చారన్నదాన్ని బట్టి పుస్తకం ఎంచుకోవాలి.

వుడ్‌వర్డా, మానా?

ముందు ఈ సంగతి తేల్చుకోవాలి. ఇద్దరూ ఒకే న్యూస్‌రూమ్ నుంచి వచ్చినా పనితీరు పూర్తిగా వేరు.

వుడ్‌వర్డ్ పుస్తకం తెరిస్తే మీటింగు గదిలోకి నేరుగా వెళ్లిపోతాం. ఎవరు ఏమన్నారు, ఎవరు మొహం చిట్లించుకున్నారు, ప్రెసిడెంట్ ఏం సమాధానమిచ్చారు, అన్నీ మాటలతో సహా ఉంటాయి. ఇరాక్ యుద్ధానికి ముందు జరిగిన తతంగం మీద ఆయన రాసిన 'ప్లాన్ ఆఫ్ అటాక్' 2004లో, యుద్ధం మొదలైన ఏడాదికే వచ్చింది. బుష్ స్వయంగా ఆయనకు ఇంటర్వ్యూ ఇచ్చారు. కానీ చాలా చోట్ల ఆ మాట ఎవరు చెప్పారో మనకు తెలియదు. పేరు బయటపెట్టనన్న షరతు మీద చెప్పించుకుంటారు కాబట్టి, ఎక్కువ చెప్పినవాడు కథలో కాస్త మంచివాడుగా కనిపిస్తాడన్న విమర్శ ఎప్పటినుంచో ఉంది. నాకూ అందులో కొంత నిజం ఉందనే అనిపిస్తుంది.

మాన్ పుస్తకంలో గది లోపలి సీన్లు తక్కువ. ఆ గదిలోకి వచ్చిన మనుషులు ఎక్కడ చదువుకున్నారు, ఎవరి శిష్యులు, ఇరవై ఏళ్ల కిందట ఏ సంఘటన వాళ్లను భయపెట్టింది, ఎవరి మీద కోపం పెట్టుకున్నారు అన్నది ఆయన తవ్వుతారు. పాత ఫైళ్లు, సమాచార చట్టం కింద బయటికి తెచ్చిన పత్రాలు, పేరుతో సహా మాట్లాడిన మాజీ అధికారులు, ఇవీ ఆయన సరంజామా.

ఈ తేడాకి ఒక మంచి ఉదాహరణ వాటర్‌గేట్ దగ్గరే ఉంది. వుడ్‌వర్డ్‌కి రహస్యాలు చేరవేసిన 'డీప్ త్రోట్' ఎవరన్నది ముప్ఫై ఏళ్ల పాటు పెద్ద పజిల్. అందరూ మనిషి కోసం వెతికారు. మాన్ 1992లో అట్లాంటిక్ పత్రికలో రాసిన వ్యాసంలో ప్రశ్ననే మార్చేశారు: ఏ మనిషి అని కాదు, ఏ సంస్థకి ఆ సమయంలో నిక్సన్ మీద కడుపుమంట ఉంది? 1972 మేలో దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అధిపతి హూవర్ చనిపోయాక ఆ సంస్థ మీద నిక్సన్ బయటి మనిషిని కూర్చోబెట్టారు. ఎఫ్‌బీఐ పాత కాపులకి అది మింగుడు పడలేదు. కాబట్టి లీకు అక్కడి నుంచే వచ్చి ఉండాలని వాదించి, ఉండదగ్గ పేర్లలో ఎఫ్‌బీఐ అధికారి మార్క్ ఫెల్ట్‌నీ చెప్పారు. 2005లో ఫెల్ట్ తానే ఆ మనిషినని ఒప్పుకున్నారు.

నిన్నటి రాత్రి వైట్‌హౌస్‌లో ఏం జరిగిందో తెలుసుకోవాలన్న కుతూహలం ఉంటే వుడ్‌వర్డ్ తీసుకోండి, రెండు రోజుల్లో అయిపోతుంది. 'అసలు వీళ్లు ఇలా ఎందుకు ఆలోచించారు' అన్న ప్రశ్న మిమ్మల్ని తొలుస్తుంటే మాన్ దగ్గరికి రావాలి. పదేళ్ల తర్వాత కూడా పనికొచ్చేది రెండోదే అని నా అభిప్రాయం.

ఒకే ఒక్కటి చదువుతానంటే: రైజ్ ఆఫ్ ది వల్కన్స్

2004లో వచ్చిన ఈ పుస్తకం జార్జ్ డబ్ల్యూ. బుష్ యుద్ధ మంత్రివర్గం మీద. ఆరుగురు మనుషులు: ఉపాధ్యక్షుడు డిక్ చెనీ, రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్, విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్, ఆయన డిప్యూటీ రిచర్డ్ ఆర్మిటేజ్, రమ్స్‌ఫెల్డ్ డిప్యూటీ పాల్ వుల్ఫోవిట్జ్, భద్రతా సలహాదారు కాండొలీజా రైస్. 2000 ఎన్నికల్లో బుష్‌కి విదేశాంగ పాఠాలు చెప్పిన బృందం తమకు తాము పెట్టుకున్న పేరు వల్కన్స్. రైస్ సొంతూరు అలబామాలోని బర్మింగ్‌హామ్. ఒకప్పుడు ఉక్కుకి పేరున్న ఊరు. అక్కడ కొండ మీద రోమన్ల అగ్నిదేవుడు వల్కన్ విగ్రహం 56 అడుగుల ఎత్తున ఉంటుంది. పేరు అక్కడి నుంచే వచ్చింది.

ఈ ఆరుగురి జీవితాలనీ వియత్నాం రోజుల నుంచి ఇరాక్ దాకా జడలా అల్లుకుంటూ వెళ్తారు మాన్. రమ్స్‌ఫెల్డ్ నిక్సన్ కొలువులో ఉండగా చెనీ ఆయన దగ్గర సహాయకుడిగా చేరతారు. ఫోర్డ్ ప్రెసిడెంట్ అయ్యాక చెనీ 34 ఏళ్లకే వైట్‌హౌస్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ అవుతారు. సోవియట్లతో సర్దుకుపోదామన్న అప్పటి విదేశాంగ మంత్రి కిసింజర్ విధానానికి ఈ ఇద్దరూ లోపలి నుంచే గండి కొడతారు. చివరికి 1976 ఎన్నికల్లో ఫోర్డ్ 'డెటాంత్' (ఆ సర్దుబాటు విధానం పేరు) అన్న మాటే ఇక వాడనని చెప్పేదాకా వస్తుంది. మరోపక్క వుల్ఫోవిట్జ్ షికాగోలో అణు వ్యూహకర్త ఆల్బర్ట్ వోల్‌స్టెటర్ శిష్యుడు. రైస్ డెన్వర్‌లో జోసెఫ్ కోర్బెల్ శిష్యురాలు. ఈ కోర్బెల్ కూతురే క్లింటన్ విదేశాంగ మంత్రి మాడలిన్ ఆల్‌బ్రైట్. అంటే డెమోక్రాట్ మంత్రి తండ్రి దగ్గర చదువుకుని రిపబ్లికన్ మంత్రి తయారైంది. ఆర్మిటేజ్ 1975లో సైగాన్ పడిపోతున్నప్పుడు దక్షిణ వియత్నాం నౌకలను ఫిలిప్పీన్స్‌కి తరలించిన మనిషి. పావెల్ రెండుసార్లు వియత్నాంలో పనిచేశారు. వాళ్లు ఇరాక్ విషయంలో ఎందుకు తటపటాయించారో ఈ పేజీలు చదివితే వేరే చెప్పక్కర్లేదు.

పుస్తకంలో నన్ను బాగా కుదిపింది 1980ల నాటి రహస్య విన్యాసాల అధ్యాయం. అణుయుద్ధంలో ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్ చనిపోతే ప్రభుత్వం ఎలా నడవాలి అన్నదానికి రేగన్ హయాంలో రిహార్సల్స్ జరిగేవి. అప్పటికి రమ్స్‌ఫెల్డ్ ప్రభుత్వంలోనే లేరు, ఒక మందుల కంపెనీ నడుపుతున్నారు. చెనీ వయోమింగ్ కాంగ్రెస్ సభ్యుడు. అయినా ఇద్దరూ అప్పుడప్పుడూ కొన్ని రోజుల పాటు ఎవరికీ చెప్పకుండా మాయమై, చీకట్లో విమానమెక్కి, గుర్తు తెలియని చోట్లకి వెళ్లి ఆ విన్యాసాల్లో పాల్గొనేవాళ్లు. ఇది చదివాక 2001 సెప్టెంబర్ 11న వైట్‌హౌస్ కింద బంకర్‌లో చెనీ అంత నిబ్బరంగా ఎలా ఆజ్ఞలు ఇచ్చారన్నది వింతగా అనిపించదు. ఇరవై ఏళ్ల కిందటే ప్రాక్టీసు చేసిన మనిషి ఆయన.

ఇరాక్ యుద్ధం గురించి మన టీవీ చర్చల్లో ఇప్పటికీ రెండు మాటలే వినిపిస్తాయి. ఒకటి చమురు, రెండోది 'నియోకన్సర్వేటివ్‌లు (అమెరికా బలంతో ప్రపంచాన్ని మార్చాలనే వర్గం) బుష్‌ని లాక్కెళ్లారు' అన్నది. మాన్ ఈ రెంటికీ తలొగ్గరు. చెనీ, రమ్స్‌ఫెల్డ్ అచ్చమైన నియోకన్‌లు కారు. అమెరికా సైనిక బలానికి ఎదురే ఉండకూడదన్న నమ్మకం వియత్నాం ఓటమి తర్వాత ముప్ఫై ఏళ్ల పాటు ఈ ఆరుగురిలోనూ పెరుగుతూ వచ్చిందనీ, తేడాలన్నీ ఆ బలాన్ని ఎప్పుడు వాడాలన్న దగ్గరేననీ ఆయన చూపిస్తారు. 1992లో పెంటగాన్‌లో వుల్ఫోవిట్జ్ విభాగం తయారుచేసిన రక్షణ ప్రణాళిక ముసాయిదా న్యూయార్క్ టైమ్స్‌కి లీకైంది. మరో సూపర్ పవర్ తలెత్తకుండా చూడాలని అందులో ఉంది. 2003కి విత్తనం 1992లోనే పడిందన్నమాట.

లోపాలూ ఉన్నాయి. ఆరుగురి కథలు కలిసి నడుస్తుంటాయి కాబట్టి మొదటి వంద పేజీల్లో ఎవరు ఏ పదవిలో ఉన్నారో కలగాపులగం అవుతుంది. ఒక కాగితం మీద ఆరు పేర్లూ రాసుకుని ఏ ప్రెసిడెంట్ దగ్గర ఎవరు ఏం చేశారో గీసుకుంటూ వెళ్తే హాయిగా ఉంటుంది. బుష్ ఈ పుస్తకంలో దాదాపు అతిథి పాత్ర. పైగా ఇరాక్‌లోని అబూ గ్రయిబ్ జైల్లో అమెరికా సైనికులు ఖైదీల్ని హింసించిన ఫొటోలు బయటపడే నాటికే పుస్తకం షాపుల్లో ఉంది. యుద్ధం ఎంత బెడిసికొట్టిందో ఇందులో దొరకదు.

దాని కొనసాగింపు: ది గ్రేట్ రిఫ్ట్

ఆ లోటు తీర్చేది 2020లో వచ్చిన 'ది గ్రేట్ రిఫ్ట్'. ఆరుగురి నుంచి ఇద్దరికి కుదించారు: చెనీ, పావెల్. 1989లో రక్షణ మంత్రిగా ఉన్న చెనీయే, పావెల్ కంటే సీనియర్ జనరల్స్‌ని దాటించి ఆయన్ని సైన్యాధిపతుల కమిటీ చైర్మన్‌గా ఎంచుకున్నారు. పనామా మీద దాడి, 1991 గల్ఫ్ యుద్ధం ఇద్దరూ భుజం భుజం కలిపి నడిపించారు. కువైట్ విడిపించాక బాగ్దాద్ దాకా వెళ్లకుండా ఆపేయడం మీదా అప్పట్లో ఇద్దరిదీ ఒకే మాట. పన్నెండేళ్ల తర్వాత అదే ఇరాక్ మీద ఇద్దరూ చెరో దారి పట్టారు. 2003 ఫిబ్రవరి 5న ఐక్యరాజ్యసమితిలో సద్దాం ఆయుధాల మీద పావెల్ చేసిన ప్రసంగం ఆయన పేరుని జీవితాంతం వెంటాడింది.

కథగా ఇది వల్కన్స్ కంటే తేలిక. స్నేహం ఎలా విరిగింది అన్న ఒకే దారం పట్టుకుని సాగుతుంది. ఇంగ్లీషు పుస్తకాలు అంతగా అలవాటు లేనివాళ్లు దీంతోనే మొదలుపెట్టొచ్చు. కానీ వల్కన్స్ చదివి ఇక్కడికొస్తే రుచి వేరు. మొదటిది వాళ్లు అధికారంలో ఉండగా రాసింది, రెండోది అంతా అయిపోయాక, అందరూ ఆత్మకథలు రాసుకున్నాక రాసింది. ఒకే రచయిత అవే మనుషుల్ని పదహారేళ్ల తేడాతో చూడటం అరుదు. ఆ ఆరుగురిలో రమ్స్‌ఫెల్డ్, పావెల్ 2021లో, ఆర్మిటేజ్, చెనీ 2025లో పోయారు.

ఆత్మకథలు నేరుగా చదివితే సరిపోదా అని అడగొచ్చు. బుష్, చెనీ, రమ్స్‌ఫెల్డ్, రైస్ నలుగురూ 2010, 2011 మధ్యలో వరసపెట్టి ఆత్మకథలు అచ్చేశారు. నాలుగూ లావుపాటివే. ఎవరి పుస్తకంలో వాళ్లు రైటు. అవన్నీ పక్కపక్కన పెట్టి సరిచూసే ఓపిక మనకుండదు, ఆ పని మాన్ చేసిపెట్టారు. ఒక్కటైనా చదవాలనుకుంటే పావెల్ 1995లో రాసిన 'మై అమెరికన్ జర్నీ' తీసుకోండి. ఇరాక్‌కి ముందుది కాబట్టి అందులో సంజాయిషీల గొడవ లేదు.

చైనా కోసమైతే

మనవాళ్లకి బహుశా ఎక్కువ ఉపయోగపడేది ఈ అర. పక్కనే ఉన్న దేశం, సరిహద్దు తగువు ఉన్న దేశం. దానితో అమెరికా ఏం ఆడిందో తెలియకపోతే మన విదేశాంగ విధానం సగం అర్థం కాదు.

ఇందులో పెద్ద పుస్తకం 'అబౌట్ ఫేస్'. నిక్సన్ నుంచి క్లింటన్ దాకా చైనాతో అమెరికా నడిపిన సంబంధాల చరిత్ర. 1971 జూలైలో కిసింజర్ పాకిస్తాన్‌లో కడుపునొప్పి అని నాటకమాడి రహస్యంగా బీజింగ్ వెళ్లారు. సరిగ్గా నెలకి, ఆగస్టు 9న భారత్ సోవియట్ యూనియన్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టింది. డిసెంబర్‌లో బంగ్లాదేశ్ యుద్ధం. ఈ మూడూ ఒక గొలుసులో లింకులని మన పాఠ్యపుస్తకాలు చెప్పవు. మాన్ దృష్టి అమెరికా–చైనా మీద కాబట్టి ఆయన దగ్గర మన వైపు కథ తక్కువ. అది కావాలంటే గ్యారీ బాస్ రాసిన 'ది బ్లడ్ టెలిగ్రామ్' ఉంది. ఆయనా ఒకప్పుడు ది ఎకనామిస్ట్‌లో రిపోర్టరే, ఇప్పుడు ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్. 1971 ఒక్కటే మీ ఆసక్తి అయితే మాన్‌ని పక్కనపెట్టి నేరుగా అది తీసుకోండి.

'అబౌట్ ఫేస్' బలం దాని తర్వాతి కాలంలో ఉంది. చైనాతో స్నేహం మొత్తం సోవియట్ భయం మీద కట్టింది. 1979లో ఇరాన్‌లో నిఘా కేంద్రాలు పోయాక సోవియట్ క్షిపణి పరీక్షల మీద కన్నేయడానికి అమెరికాకి చైనా గడ్డ మీద చోటు దొరికింది. అంత లోతైన సంబంధాన్ని గుప్పెడు మంది రహస్యంగా నడిపారు, జనానికి మాత్రం పాండాలు, పింగ్‌పాంగ్ చూపించారు. 1989లో తియానన్మెన్‌లో విద్యార్థుల్ని చంపిన కొన్ని వారాలకే సీనియర్ బుష్ తన భద్రతా సలహాదారు స్కోక్రాఫ్ట్‌ని రహస్యంగా బీజింగ్ పంపారు. పైకి ఆంక్షలు, లోపల రాయబారం. ఆ తర్వాత క్లింటన్ వచ్చి, మానవ హక్కులు మెరుగుపడితేనే వాణిజ్య రాయితీలు అని 1993లో షరతు పెట్టి, 1994 మేలో తానే ఎత్తేశారు. సరిగ్గా అదే నెలలో మన పీవీ నరసింహారావు వాషింగ్టన్ వెళ్లి అమెరికా కాంగ్రెస్‌లో ప్రసంగించారు. చైనాకి దక్కిన మినహాయింపుల జాబితా పక్కన, అప్పట్లో అణు విషయంలో మన మీద ఉన్న ఒత్తిడిని పెట్టుకుని చదివితే రక్తం కాస్త ఉడుకుతుంది.

రెండోది 2007లో వచ్చిన 'ది చైనా ఫాంటసీ'. చిన్న పుస్తకం, ఒక సాయంత్రానికి సరిపోతుంది. ఇది చరిత్ర కాదు, వాదన. అప్పట్లో వాషింగ్టన్‌లో అందరూ నమ్మింది ఒకటే: వ్యాపారం పెరిగితే మధ్యతరగతి పెరుగుతుంది, మధ్యతరగతి ప్రజాస్వామ్యం అడుగుతుంది. రకరకాల కాఫీల్లో తనకి నచ్చింది ఎంచుకునేవాడు రేపు ఓటూ ఎంచుకోవాలంటాడు అన్న మాటని మాన్ తెగ వెటకారం చేస్తారు. కాదంటే చైనా కుప్పకూలుతుందని భయపెట్టేవాళ్లు ఇంకోవైపు. ఈ రెండూ కాకుండా మూడోది ఎందుకు జరగకూడదు అని ఆయన అడిగారు: చైనా ధనిక దేశం అవుతుంది, బలపడుతుంది, ఏకపార్టీ పాలన మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు చాలామంది నిపుణులు విసుక్కున్నారు. 2018 మార్చిలో చైనా అధ్యక్ష పదవికి ఉన్న రెండు విడతల పరిమితినే ఎత్తేశారు. మాన్ చెప్పిన మూడో దారే నిజమైంది.

వాదన గట్టిదే గానీ చదవడానికి కొంచెం విసుగు. చెప్పిందే చెబుతారు. మీకు వ్యాసాలు చదివే అలవాటు ఉండి, చైనా మీద ఇప్పటికే కొంత తెలిసి ఉంటే ఇది ముందు, 'అబౌట్ ఫేస్' తర్వాత. ఏమీ తెలియదంటే తప్పకుండా పెద్దదే ముందు.

'బీజింగ్ జీప్' సంగతి వేరు. అమెరికన్ మోటార్స్ కంపెనీ 1983లో చైనాతో కలిసి జీపులు తయారు చేయడానికి ఒప్పందం చేసుకుని, అక్కడి ఆఫీసుల చుట్టూ తిరిగి, విదేశీ మారకం దొరక్క, కిట్లు తెచ్చి బిగించుకోవాల్సిన పరిస్థితికి వచ్చిన కథ. అధ్యక్షులు లేరు, యుద్ధాలు లేవు. ఎంబీఏ చదివినవాళ్లు, విదేశీ కంపెనీలతో జాయింట్ వెంచర్ నడిపినవాళ్లు మాత్రం పేజీ పేజీకి తలూపుతారు. నా వరకు మాన్ పుస్తకాల్లో నవ్వు తెప్పించేది ఇదొక్కటే. పాత ప్రతుల మీద రచయిత పేరు జిమ్ మాన్ అని ఉంటుంది, వేరే మనిషి అనుకుని వదిలేయొద్దు.

రేగన్

'ది రెబెలియన్ ఆఫ్ రొనాల్డ్ రేగన్' 2009లో వచ్చింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసిన ఘనత రేగన్‌దా, సోవియట్ నేత గోర్బచెవ్‌దా అని పార్టీలు కట్టి కొట్టుకునేవాళ్లకి ఇది రుచించదు. రేగన్ తన పార్టీలోని మొండి పెద్దలకే ఎదురు తిరిగారన్నది మాన్ సిద్ధాంతం. అణు క్షిపణులు తగ్గించుకునే ఒప్పందం మీద గోర్బచెవ్‌ని నమ్మొద్దని నిక్సన్, కిసింజర్ బహిరంగంగా రాశారు. 1987 ఏప్రిల్‌లో నిక్సన్ గుట్టుగా వైట్‌హౌస్‌కి వచ్చి రేగన్‌ని మార్చాలని చూశారు. రేగన్ మారలేదు. డిసెంబర్‌లో సంతకాలైపోయాయి.

సుజాన్ మాస్సీ అన్న రచయిత్రి కథ ఇందులో ప్రత్యేకం. ఏ పదవీ లేదు. రష్యా సంస్కృతి మీద పుస్తకాలు రాసిన ఆవిడ వైట్‌హౌస్‌కి మళ్లీ మళ్లీ వచ్చి రేగన్‌కి రష్యా మనుషుల గురించి చెప్పేవారు. 'నమ్ము, కానీ సరిచూసుకో' అన్న రష్యా సామెత ఆవిడ నేర్పిందే. బెర్లిన్ గోడ కూల్చమన్న 1987 జూన్ 12 నాటి ప్రసంగంలో ఆ వాక్యాన్ని తీసేయడానికి విదేశాంగ శాఖ, వైట్‌హౌస్‌లోని జాతీయ భద్రతా మండలి ఎంత పెనుగులాడాయో అదీ ఉంది.

రేగన్ మనిషి మొత్తం కావాలంటే ఇది కాదు. కాలిఫోర్నియా గవర్నర్‌గా ఉన్నప్పటి నుంచి ఆయన వెంట తిరిగిన రిపోర్టర్ లూ క్యానన్ రాసిన 'ప్రెసిడెంట్ రేగన్: ది రోల్ ఆఫ్ ఎ లైఫ్‌టైమ్' దానికి సరైనది. లావు పుస్తకం. ప్రచ్ఛన్న యుద్ధం ఒక్కటే చాలంటే మాన్ చాలు.

మిగిలిన రెండు

2012 నాటి 'ది ఒబామియన్స్' చివరికి ఉంచుకోండి, లేదా వదిలేయండి. ఒబామా చుట్టూ ఉన్న కుర్ర బృందానికీ, హిల్లరీ క్లింటన్, రాబర్ట్ గేట్స్ లాంటి పెద్ద తలకాయలకీ మధ్య ఆలోచనల తేడా దీని విషయం. అఫ్గానిస్తాన్‌కి అదనపు దళాలు, అరబ్ తిరుగుబాట్లు, లిబియా ఉన్నాయి. కానీ మొదటి విడత కూడా పూర్తికాకముందే రాసిన పుస్తకం ఇది. సిరియా రసాయన ఆయుధాల వ్యవహారం 2013ది, ఇరాన్ అణు ఒప్పందం 2015ది. ఒబామా విదేశాంగం అనగానే మనకి గుర్తొచ్చేవి రెండూ ఇందులో ఉండవు. వల్కన్స్‌కి ముప్ఫై ఏళ్ల గతం దొరికింది. ఇక్కడ మనుషులకి ఇంకా అంత గతం లేదు, మాన్ పద్ధతి అందుకే పూర్తిగా పలకలేదు.

2015 నాటి 'జార్జ్ డబ్ల్యూ. బుష్' మాత్రం చిన్నది, శుభ్రమైనది. ఒక్కో అధ్యక్షుడి మీద ఒక్కో పొట్టి పుస్తకం వేసే సిరీస్‌లో భాగం. పన్ను తగ్గింపులు, ఇరాక్, 2008 ఆర్థిక సంక్షోభం అన్నీ కలిపి చూపిస్తుంది. తీర్పు కటువుగానే ఉంటుంది.

ఎవరు ఏది తీసుకోవాలి

సివిల్స్‌కీ గ్రూప్ వన్‌కీ చదివే పిల్లలు తరచుగా అడుగుతుంటారు. నేరుగా మార్కులు తెచ్చేది వీటిలో ఒక్కటీ లేదు. టైమ్ ఉంటే 'అబౌట్ ఫేస్'లో నిక్సన్ అధ్యాయాలు, 'ది చైనా ఫాంటసీ' చాలు. భారత్–అమెరికా సంబంధాలే కావాలంటే మాన్ దగ్గర వెతకొద్దు. వల్కన్స్ 2004ది, భారత్‌తో అణు ఒప్పందం ప్రకటన 2005 జూలైది. బుష్ హైదరాబాద్ వచ్చి వ్యవసాయ యూనివర్సిటీలో రైతులతో మాట్లాడింది 2006 మార్చిలో. ఆ సంబంధాలు కావాల్సినవాళ్లు చదవాల్సింది స్ట్రోబ్ టాల్బాట్ రాసిన 'ఎంగేజింగ్ ఇండియా'. టైమ్ పత్రికలో జర్నలిస్టుగా ఉండి క్లింటన్ హయాంలో విదేశాంగ శాఖలో రెండో స్థానానికి వెళ్లిన మనిషి ఆయన. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత జస్వంత్ సింగ్‌తో తాను నడిపిన చర్చల్ని తానే రాశారు. జస్వంత్ సింగ్ మీద ఆయనకున్న గౌరవం, వాదనలో మాత్రం ఒక్క అంగుళం తగ్గకపోవడం రెండూ కనిపిస్తాయి.

వియత్నాం వైపు మొగ్గు ఉన్నవాళ్లకి వల్కన్స్ కంటే ముందు డేవిడ్ హాల్బర్‌స్టామ్ 1972లో రాసిన 'ది బెస్ట్ అండ్ ది బ్రైటెస్ట్' పడాలి. న్యూయార్క్ టైమ్స్ తరఫున వియత్నాంలో ఉండి రాసిన రిపోర్టర్. కెనెడీ, జాన్సన్ కొలువులోని మహా మేధావులు దేశాన్ని ఎలా ఊబిలోకి దించారో చెబుతుంది. పేరాలు పేజీలకి పేజీలు సాగుతాయి, ఓపిక కావాలి. మాన్ భాష దానికి పూర్తిగా వ్యతిరేకం: చిన్న వాక్యాలు, పత్రిక ఇంగ్లీషు, డిక్షనరీ అవసరం పెద్దగా రాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే కొనాల్సిన పని లేదు. ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు ఉంటే ఫోన్‌లోనే అరువు తెచ్చుకునే యాప్‌లున్నాయి, అక్కడ లేకపోతే వేరే లైబ్రరీ నుంచి తెప్పిస్తారు. ఇక్కడ కొత్త ప్రతులు ఖరీదు. వల్కన్స్ పేపర్‌బ్యాక్ పాతదైనా పర్లేదు, తర్వాత మార్పులేమైనా వచ్చాయేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. హైదరాబాద్ వాళ్లు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓ చూపు వేయొచ్చు. బుష్ కాలం నాటి అమెరికన్ పుస్తకాలు అక్కడికి బాగానే వస్తుంటాయి. అక్కడ వుడ్‌వర్డ్‌లు మూడు దొరికి మాన్ ఒక్కటీ దొరకలేదనుకోండి, 'ప్లాన్ ఆఫ్ అటాక్' తెచ్చుకుని మొదలుపెట్టండి. అందులో చెనీ, పావెల్ ఒకరినొకరు ఎదుర్కొనే చోటికి వచ్చేసరికి వాళ్ల పాత సంగతులు కావాలనిపిస్తుంది, అప్పుడు 'ది గ్రేట్ రిఫ్ట్' కొత్తదే కొనుక్కోవచ్చు.